రోస్కో మెబేన్‌ను కొట్టిన పాఠం

మా గదిలో హాజరు పలికే పద్ధతి వేరు. వచ్చానని చెయ్యెత్తితే కుదరదు. పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, ఆ వారం మనల్ని కొడుతున్న పాఠమేదో చెప్పాలి. దాచకూడదు. ఆదివారం చర్చి అయ్యాక, ఇంకా ఆ బట్టల్లోనే, సాయంత్రం నాలుగింటికి గుండ్రంగా కూర్చునేవాళ్లం.

"యోలాండా పిట్‌మన్. గోల్డ్స్‌బరో. నన్ను కొడుతున్నది సర్క్యూట్లు."

"క్విన్సీ బాస్. డర్హం. నన్ను కొడుతున్నవి రెండు. ఒకటి థర్మోడైనమిక్స్, రెండోది మన క్యాంటీన్ వాళ్ల మాంసం ముద్ద."

నేను చేరిన మొదటి ఆదివారం నా వంతు వచ్చింది. "రెనీటా చెర్రీ. విండ్సర్. నన్ను కొడుతున్నవి..." అని ఆగి, చివరికి "అన్నీ" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా పక్కన కూర్చున్న పొడుగాటి మనిషి నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు.

"అన్నీ అంటే ఐదు. రోజుకొకటి చూద్దాం. సోమవారం కెమిస్ట్రీ. పొద్దున ఏమన్నా తిన్నావా?"

తినలేదన్నాను. సంచిలోంచి బిస్కెట్ రొట్టె తీసి సగానికి తుంచి, సాసేజ్ ఉన్న సగం నాకిచ్చాడు. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, తను కొరకబోయింది ఆపి, నేను ఆమెన్ అనేదాకా ఆగాడు. ఆయనే రోస్కో మెబేన్. ఐదో ఏడు చదువుతున్నాడు. గదిలో అందరికంటే పెద్ద.

హాజరులో ఆయనది ఎప్పుడూ చివరి వంతు. "రోస్కో మెబేన్. ప్రాస్పెక్ట్ హిల్. నన్ను కొట్టేది మా అమ్మమ్మ ఒక్కతే." అందరూ నవ్వేవాళ్లు. వారం వారం అదే మాట, వారం వారం అదే నవ్వు. అందులో పాఠం పేరు లేదన్న సంగతి ఏ ఒక్కరికీ తట్టలేదు.

గది అంటే ఇంజినీరింగ్ భవనం అడుగున, బాయిలర్ పక్కన ఉండేది. తలుపు మీద నల్లజాతి ఇంజినీరింగ్ విద్యార్థుల సంఘం అని పెద్ద పేరే ఉంది గానీ మేమంతా గది అనేవాళ్లం. ఒక కాలు విరిగిన సోఫా, విరిగిన చోట రెండు లెక్కల పుస్తకాలు. ఒక ఇనప బీరువా. దాని అరల్లో మా ముందువాళ్లు పద్దెనిమిదేళ్లుగా వదిలివెళ్లిన నోట్సులూ పాత ప్రశ్నపత్రాలూ. తలుపు వెనక మేకుకు ఒక నీలం కోటు. అది అందరిదీ. ఉద్యోగానికి మాట్లాడ్డానికి ఎవరిని పిలిస్తే వాళ్లు తొడుక్కుని వెళ్లేవాళ్లు. పొట్టివాళ్లు చేతులు లోపలికి మడిచి పిన్నులు పెట్టుకునేవాళ్లు. తిరిగి తగిలించేటప్పుడు మాత్రం తర్వాత వేసుకునేవాళ్ల కోసం జేబులో ఒక పిప్పరమెంటు వెయ్యాలి. చర్చిలో పెద్దమ్మలు మా చేతుల్లో పెట్టేవే, ఎర్రచారల బిళ్లలు.

ఆ గది లేకపోతే నేను మొదటి శీతాకాలమే ఇంటికి వెళ్లిపోయేదాన్ని. మా ఊరు వేరుశనగ పొలాల మధ్య ఉంటుంది. మా బడిలో కాల్క్యులస్ చెప్పేవాళ్లు లేరు. మా లెక్కల టీచరమ్మ తను చదువుకున్న పాత పుస్తకం నా చేతిలో పెట్టి, "నాకు అర్థమైనంత గీతలు గీశాను తల్లీ, మిగతాది దేవుడూ నువ్వూ చూసుకోండి" అంది. అలా వచ్చాను. ల్యాబులో ముగ్గురేసి జట్టు కట్టమంటే కుర్చీలు కదిలాయి, భుజాలు తిరిగాయి, నిమిషంలో అన్ని జట్లూ అయిపోయాయి. నేను మిగిలాను. ఎవరూ ఒక్క మాటా అనలేదు. నా వైపు చూడలేదంతే. ల్యాబు సహాయకుడు నన్నొక జట్టులోకి నెడితే, వాళ్లు నా చేతికి పెన్సిలిచ్చి అంకెలు రాయమన్నారు. చలికాలం దాకా నేను ఒక్క తీగ ముట్టుకోలేదు.

ఈ సంగతి రోస్కోకి చెప్తే ఆయన పెద్దగా బాధపడినట్టు కనపడలేదు. పాతదే కదా అన్నట్టు తలూపి, గోడకున్న కాగితం చూపించాడు. "సెక్షన్లు ఎంచుకునే ముందు ఇక్కడ రాయాలి. ఏ క్లాసులోనూ మనవాళ్లు ఒంటరిగా కూర్చోకూడదు. ఇద్దరం ఉంటే జట్టులో మూడోవాడు దానంతట వాడే వస్తాడు." వసంతం సెమిస్టరులో నన్నూ ఇంకో అమ్మాయినీ ఒకే ల్యాబులో వేయించాడు. ఆయనన్నట్టే మూడోవాడు వచ్చాడు. ఎర్రజుట్టు పిల్లాడు, మంచివాడు. తీగలు నేను కలిపాను.

ఇంకో నియమం గోడది. ఆ రోజుల్లో గ్రేడులు ప్రొఫెసర్ల తలుపుల పక్క గోడకు అంటించేవాళ్లు. పేర్లుండవు, విద్యార్థి నంబరులో చివరి నాలుగు అంకెలు, ఎదురుగా అక్షరం. ఆ గోడ దగ్గరికి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరు తోడు వెళ్లాలి, ఇద్దరూ విడివిడిగా చదివి చెప్పాలి. భయపడ్డ కన్ను వరస తప్పుతుందనేవాడు రోస్కో. మంచి గ్రేడైతే అక్కడే అరుపులు. కాకపోతే తోడెళ్లినవాళ్లు ఏమీ అనకుండా ఐస్‌క్రీం కొట్టుదాకా నడిపించేవాళ్లు. నాలుగేళ్లలో రోస్కో ఎంతమందిని ఆ గోడదాకా నడిపించాడో ఆయనకే తెలియదు.

ఇదంతా నడిపిన మనిషిని నేను ఫిబ్రవరిలో ఒక బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఒంటరిగా చూశాను.

నా కెమిస్ట్రీ క్లాసుకు పోతూ పక్కగది తలుపు తెరిచి ఉంటే లోపలికి చూశాను. ఆఖరి వరసలో మోకాలి మీద గోధుమరంగు టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. అటు రెండు కుర్చీలు ఖాళీ, ఇటు రెండు కుర్చీలు ఖాళీ. బోర్డు మీద థర్మోడైనమిక్స్. అది మూడో ఏడాది పాఠం. క్విన్సీ, ఇంకో ఇద్దరు మావాళ్లు మధ్యాహ్నం సెక్షన్లో చదువుతున్నదే. ప్రొఫెసర్ పరీక్ష పేపర్లు తిరిగి ఇస్తున్నాడు. రోస్కో తనది తీసుకుని, చూసి, నాలుగు మడతలు పెట్టి, మళ్లీ మడిచి, టోపీ లోపల దాచాడు.

క్లాసు ఎగ్గొట్టి బయట నిలబడ్డాను. వచ్చాడు. నన్ను చూశాడు. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తుంది. అబద్ధం వెతుక్కుని, దొరక్క, వదిలేసినవాడి ముఖం.

"ఎంతసేపయింది నిలబడి?"

"పేపరు మడిచినప్పటి నుంచి."

మెట్ల కింద కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు. మూడో ఏట ఆ పాఠం భయపడి వాయిదా వేశాడు. నాలుగో ఏట కూడా. కిందటి శరత్తు సెమిస్టరులో తప్పనిసరై తీసుకుని తప్పాడు. ఇప్పుడు రెండోసారి. ఈసారి కనీసం సీ రాకపోతే పట్టా లేదు. వాళ్ల జిల్లాకి దగ్గర్లోనే ఒక పట్టణంలో మంచినీళ్ల ప్లాంటులో ఉద్యోగం ఖాయమై ఉంది. జూన్ ఒకటిన పట్టా చేతబట్టుకుని రమ్మన్నారు. మే నెలలో పట్టాల రోజుకు వాళ్ల చర్చి వ్యానులో పద్నాలుగు మంది వస్తున్నారు. అమ్మమ్మ హాటీగారు అప్పుడే టోపీకి రిబ్బను కొన్నారు.

"ఇవాళ్టి పేపర్లో ఎంత?"

"నలభై ఒకటి."

"మరి క్విన్సీ వాళ్లతో ఎందుకు చేరలేదు? ఒంటరిగా కూర్చోకూడదని నువ్వే కదా..."

"వాళ్లున్నారనే పొద్దుటి సెక్షన్ తీసుకున్నా." టోపీ చేతుల్లో తిప్పుతూ అన్నాడు. "రెనీటా, మొదటేడు పిల్లలు నా ముఖం చూసి ఆగారు. ఈయన గట్టెక్కాడు కదా, మనమూ ఎక్కుతామని. గదిలో బల్ల దగ్గర పాఠం చెప్పేవాడే తప్పాడని తెలిస్తే ఎంతమంది సామాను సర్దుకుంటారు? చెప్పకు. యోలాండాకి అసలు చెప్పకు. దేవుడి ఎదుట మాటివ్వు."

ఆయన అడిగిన తీరుకి నా నోట్లోంచి మాట వచ్చేసింది. ఇచ్చాక తెలిసింది అదెంత బరువో.

ఆ వారమంతా నిద్ర సరిగ్గా లేదు. చెప్తే మాట తప్పినదాన్నవుతాను, చెప్పకపోతే ఆ మనిషి ఆ నాలుగు ఖాళీ కుర్చీల మధ్య మునిగిపోతాడు. గురువారం చూస్తే, తన పరీక్ష పక్కనపెట్టి, మూడు గంటలు నాకు కెమిస్ట్రీ చెప్పాడు. నా తప్పుల దగ్గర విసుక్కోలేదు. నడుమ లేచి బాయిలర్ గదిలోకి వెళ్లి వచ్చాడు. ఎందుకని అడిగితే, అక్కడ వెచ్చగా ఉంటుందని నా తడిసిన చేతి తొడుగులు ఆరేసి వచ్చాడట. ఆ రాత్రి నేను మోకాళ్ల మీద కూర్చుని, ప్రభువా, నేనిచ్చిన మాట చెడకుండా ఈ మనిషిని నువ్వే బయటికి లాగు, ఎలాగో నాకు తెలియదు అని అడిగాను. జవాబేమీ వినపడలేదు. కానీ ఆదివారం హాజరులో నా వంతు వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చిన మాట నేను ముందుగా అనుకున్నది కాదు.

"రెనీటా చెర్రీ. విండ్సర్. నన్ను కొడుతున్నది థర్మోడైనమిక్స్."

గది పగిలేలా నవ్వారు.

"ఏం పిల్లా," అన్నాడు క్విన్సీ, "అది నీకింకా రెండేళ్లుంది. దెబ్బలు తినడానికి ముందే వరసలో నిలబడ్డావా? ఉండు, నాకు పడాల్సినవి కొన్ని నీకిప్పిస్తా."

"దానికి ఆకలేసి మాట తడబడిందిలే," అంది యోలాండా. "మళ్లీ చెప్పు బేబీ. కెమిస్ట్రీయేనా?"

"కాదు. థర్మోడైనమిక్సే."

మళ్లీ నవ్వారు. నేను చూపు నేల మీద నుంచి ఎత్తలేదు, రోస్కో వైపు అసలు చూడలేదు. చూస్తే చెప్పినట్టే కదా. హాజరు ముందుకు సాగింది. ఒక్కొక్కరే పేరూ ఊరూ దెబ్బా చెప్పారు. చివరికి ఆయన దాకా వచ్చింది.

"రోస్కో మెబేన్," అన్నాడు. "ప్రాస్పెక్ట్ హిల్."

క్విన్సీ ముందే నవ్వడానికి సిద్ధంగా నోరు తెరిచి ఉన్నాడు. అమ్మమ్మ మాట రాలేదు.

"ఆ పిల్లని నవ్వకండి. అది మోస్తున్నది నాది. నన్ను కొడుతున్నది థర్మోడైనమిక్స్. రెండోసారి. శరత్తులో తప్పాను. ఈసారీ తప్పేట్టున్నాను."

యోలాండా లేచి నిలబడింది. ఆమె మా సంఘం అధ్యక్షురాలు, నాలుగో ఏడు, నోరు కత్తి. కొడుతుందేమోనని నిజంగా అనుకున్నాను.

"మొదటేడు నేను గోడ దగ్గర డి చూసి వాంతి చేసుకుంటే నా జుట్టు పట్టుకున్నది ఎవరు?"

"నేనే."

"ఆ తర్వాత నా బూట్లు కడిగింది ఎవరు?"

"యోలాండా, ఇప్పుడదెందుకు..."

"అన్నీ మాకు చేసేసి, నీకు మేం ఒక్కటి చేద్దామంటే మాత్రం పొద్దుటి సెక్షన్లో పోయి దాక్కున్నావా? ఎంత పొగరు నీకు! నేను కిందటేడు ఆ పాఠంలో బీ తెచ్చుకున్నాను. ఈ బీరువాలో రెండో అర నిండా నా నోట్సే ఉంది. రోజూ దాని పక్కనే కూర్చుంటున్నావు!"

"నేను మధ్యాహ్నం సెక్షన్లో ఉన్నాను," అన్నాడు క్విన్సీ. నిజంగానే గొంతు చిన్నబోయింది. "నాకు చెప్పొచ్చుగా బ్రదర్. ఇద్దరం కలిసి తప్పేవాళ్లం."

దానికి అందరికంటే మొదట నవ్వింది రోస్కోయే. నవ్వుతూనే టోపీతో ముఖం కప్పుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. ఎవరూ తియ్యమనలేదు. మొదటేడు పిల్లలం ఏడుగురం ఉన్నాం. ఎవరూ సామాను సర్దుకోలేదు. మా వరసలో చివరి అబ్బాయి మాత్రం మెల్లగా, "అయితే నేనూ ఒకటి చెప్పాలి, ఫిజిక్స్ అన్నాను గానీ నిజానికి కాల్క్యులస్ కూడా," అన్నాడు. ఇంకొకరు, "నాక్కూడా" అన్నారు. ఆ ఆదివారం హాజరు రెండుసార్లు పలికించాల్సొచ్చింది.

మర్నాటి నుంచి పాఠాలు తిరగబడ్డాయి. ఇన్నాళ్లూ బల్లకు అటువైపు కూర్చున్న రోస్కోని ఇటువైపు కూర్చోబెట్టారు. యోలాండా ఒక గంటలోనే జబ్బు కనిపెట్టింది. ఆయన లెక్కంతా మనసులో చేసి జవాబు మాత్రం కాగితం మీద పెట్టేవాడు. ప్రాస్పెక్ట్ హిల్ బడిలో ఫిజిక్స్ చెప్పింది ఫుట్‌బాల్ కోచ్. ఆయనకు జవాబొక్కటే కావాలి, జవాబు కరెక్టయితే భుజం తట్టేవాడు. ఆ అలవాటుతో ఇన్ని పాఠాలూ నెట్టుకొచ్చాడు. ఇది మాత్రం నెట్టనివ్వలేదు.

"ముందు పెట్టె గియ్యి," అనేది యోలాండా. "ఏది లోపల, ఏది బయట. గీత దాటి వచ్చేదేంటి, పోయేదేంటి. అంకెలు తర్వాత."

"నాకు పెట్టె కనపడుతూనే ఉంది."

"నాకు కనపడట్లేదు. ప్రొఫెసర్‌కీ కనపడదు. గియ్యి."

పది రోజులు పోట్లాడుకున్నారు. అప్పుడు యోలాండాకి ఒక ఉపాయం తట్టింది. "మీ అమ్మమ్మ ఏడాదికి నిలవుండేలా చిక్కుళ్లు సీసాల్లో పెట్టి ఉడికిస్తుందా?"

"ప్రతి జులైలో. పెద్ద ప్రెషర్ పాత్రలో."

"ఆ పాత్ర గియ్యి. మూత బిగించింది. కింద మంట. ఇప్పుడు ఏది గీత దాటుతోంది?"

"వేడి. లోపలికి." పెన్సిలు కదిలింది. "పైన చిన్న బొడిపె ఉంటుంది, దాంట్లోంచి ఆవిరి. బయటికి. అమ్మమ్మ ఆవిరి పది నిమిషాలు పోనిచ్చాక బరువు పెడుతుంది. అప్పుడింక ఏదీ పోదు." ఆగాడు. "అంటే బరువు పెట్టకముందు ఒక లెక్క. పెట్టాక ఇంకో లెక్క."

"నలభై ఒకటి వచ్చిన పేపరు తియ్యి," అంది యోలాండా.

తీశాడు. మడతల దగ్గర చిరిగి ఉంది. మూడో ప్రశ్న చూసి, "రెండో లెక్క చెయ్యనేలేదు. నేను వంటింట్లో బరువు పెట్టకుండానే సీసాలు తీసేశానన్నమాట," అన్నాడు.

"మిస్ హాటీ చూసుంటే గరిటెతో ఒక్కటిచ్చేది," అన్నాడు క్విన్సీ.

తర్వాత రోజు నుంచి రోస్కో ఖాళీ కుర్చీల మధ్య కూర్చోలేదు. క్విన్సీ పొద్దుటి క్లాసుకి కూడా పోవడం మొదలుపెట్టాడు. నిద్రమొహంతో, చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని, పక్కన కూర్చుని కునికేవాడు. "ఒకే పాఠం రోజుకి రెండుసార్లు వింటున్నాను, రెండుసార్లూ అర్థం కావట్లేదు," అని గొణిగేవాడు గానీ ఒక్క రోజు మానలేదు. ఆ మనిషికి పొద్దున లేవడం ఎంత కష్టమో మాకు తెలుసు. మా చర్చిలో ఉపవాసాలకు కూడా అంత విలువ ఉండదనుకున్నాను.

మార్చి పరీక్షలో రోస్కోకి అరవై మూడు. ఏప్రిల్లో డెబ్బై. ఆఖరి పరీక్ష మే మొదటి సోమవారం. గ్రేడులు గురువారం. పట్టాలు శనివారం. వ్యాను శనివారం తెల్లవారకముందే బయల్దేరుతుంది. వాళ్లను రావద్దని చెప్పాలంటే గురువారమే చెప్పాలి.

సోమవారం పరీక్షకి ఆయన తలుపు వెనక కోటు తొడుక్కున్నాడు. ఉద్యోగానికి పోవట్లేదు కదా అంటే, "జేబులో పిప్పరమెంటుంది" అన్నాడు.

గురువారం పన్నెండింటికి గోడ దగ్గరికి పదకొండు మందిమి వెళ్లాం. నియమం ఇద్దరే గానీ ఆ రోజు ఎవరూ గదిలో ఆగలేదు. నడవాలో తెల్లపిల్లలు ఐదారుగురు తమ అంకెలు చూసుకుంటున్నారు. మా గుంపు చూసి పక్కకు జరిగారు. నా ల్యాబు ఎర్రజుట్టు పిల్లాడు కూడా అటే పోతూ ఆగి, సంగతేమిటో తెలియకపోయినా, తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మళ్లీ ఆ నీలం కోటే తొడుక్కుని వచ్చిన రోస్కో గోడకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"నేను రాలేను. రెనీటా, నువ్వు చూడు. ఆరు, ఒకటి, రెండు, సున్నా."

గోడ దగ్గరికి వెళ్లాను. ముందు క్విన్సీది కనపడింది, బీ. దాని గురించి నోరెత్తలేదు. వేలు పెట్టి కిందికి దింపాను. ఆరు ఒకటి రెండు సున్నా. చేతిలో ఉన్న నోట్‌బుక్కు అంచు వరస కింద ఆనించాను. మళ్లీ చూశాను. వెనక్కి జరిగాను. నియమం ప్రకారం ఏమీ అనలేదు. యోలాండా వెళ్లింది. ఆమె కూడా వేలు పెట్టింది, అక్కడే ఉంచి తిరిగింది.

"ఇద్దరం కలిసి చెప్దాం," అంది.

"సీ," అన్నాం.

ఆయన గోడకి వీపు ఆనించి, ఆ నీలం కోటుతోనే మెల్లగా నేల మీదకి జారి కూర్చున్నాడు. ఏడవలేదు, నవ్వలేదు. గట్టిగా ఊపిరి వదిలాడు, ఆవిరి పోయినట్టు. పిల్లలు అరుస్తున్నారు. ప్రొఫెసర్ తలుపు తీసి తొంగిచూసి, విషయం అర్థమై, మళ్లీ మూసుకున్నాడు. నేను గోడకి తిరిగి, ఎవరికీ వినపడకుండా, స్తోత్రం స్తోత్రం అనుకున్నాను.

"సీ అంటే ఏంటో తెలుసా బ్రదర్?" అన్నాడు క్విన్సీ, పక్కన కూలబడుతూ. "ఎనిమిదింటి క్లాసుకి లేచి పోగొట్టుకున్న నా నిద్ర."

"నీదేంటి? నీది చూశారా ఎవరైనా?"

"చూశానులే. బీ. నువ్వు ముందు ఫోన్ చెయ్యి."

నడవా చివర ఫోన్ ఉంది. మేం దూరంగా నిలబడ్డాం గానీ హాటీగారి గొంతు పెద్దది, మాకు ఇద్దరి మాటా వినపడింది.

"అమ్మమ్మా, శనివారం రండి. పట్టా ఇస్తున్నారు."

"రాకేం చేస్తాం? టోపీ కుట్టడం అయిపోయింది. వ్యాన్లో చోటు చాలక మన చర్చి పెద్ద డీకన్‌గారిని మడత కుర్చీలో కూర్చోబెడుతున్నాం. ఇప్పుడెందుకు చేశావు?"

"అమ్మమ్మా, నేనొకటి చెప్పాలి. శరత్తులో ఒక పాఠం తప్పాను. నీకు చెప్పలేదు."

"నాకు తెలుసులే."

"ఎవరు చెప్పారు?"

"క్రిస్మస్‌కి వచ్చినప్పుడు చిలగడదుంప తీపిరొట్టె ఒక్క ముక్క తిని చాలన్నావు. పుట్టినప్పటి నుంచి నువ్వు ఒక్క ముక్కతో లేచిన రోజు లేదు. ఆ రాత్రే నిన్ను దేవుడి చేతిలో పెట్టేశాను. ఇప్పుడు గట్టెక్కావా లేదా?"

"గట్టెక్కాను. పిల్లలు ఎక్కించారు."

"అయితే వాళ్లెంతమంది? తీపిరొట్టెలు ఎన్ని చెయ్యాలో చెప్పు."

రోస్కో వెనక్కి తిరిగి మమ్మల్ని లెక్కపెట్టాడు. శనివారం వ్యాను దిగిన మొదటి వస్తువు హాటీగారి టోపీ. రెండోది నాలుగు తీపిరొట్టెలు. డీకన్‌గారు చివర దిగారు, నడుం పట్టుకుని.

ఆ శరత్తు నుంచి అమలయ్యేలా, పట్టా తీసుకుని వెళ్తూ యోలాండా ఒక నియమం మార్చింది. ఇకపై హాజరు చిన్నవాళ్లతో మొదలవదు, అందరికంటే పెద్దవాళ్లతో మొదలవుతుంది. పెద్దవాళ్లు తమ దెబ్బ ముందు చెప్పాలి. పాఠం లేని జోకులు చెల్లవు. రెండేళ్ల తర్వాత, నా నాలుగో ఏట, ఆ మొదటి వంతు నాకు వచ్చింది. ఎదురుగా పదహారు మంది కొత్తపిల్లలు, కొందరు ఏడుపు ఆపుకుంటున్నారు. "రెనీటా చెర్రీ. విండ్సర్. నన్ను కొడుతున్నది థర్మోడైనమిక్స్," అన్నాను. ఈసారి అది నిజమే, నేనూ ఆ పాఠాన్ని నాలుగో ఏటికి వాయిదా వేశాను. నవ్వినవాళ్లెవరూ లేరు. ఒక పిల్ల భుజాలు మాత్రం కిందికి దిగాయి.

రోస్కో మెబేన్ మీద ఎవరూ పుస్తకం రాయరు. ముప్ఫై ఏళ్లుగా అదే పట్టణంలో అదే మంచినీళ్ల ప్లాంటు. ఆ ఊళ్లో కుళాయి తిప్పేవాళ్లకి ఆయన పేరు తెలియదు. ఏటా ఒక ఆదివారం బండి నడుపుకుంటూ గదికి వస్తాడు, అందరితోపాటు గుండ్రంగా కూర్చుంటాడు. కోటు మారింది, ఇప్పుడు రెండున్నాయి. వెళ్లేటప్పుడు రెండిటి జేబుల్లోనూ చెయ్యి పెట్టి చూస్తాడు, ఖాళీగా ఉంటే నింపుతాడు.

కిందటి వారం నాకు ఫోన్ చేశాడు. హలో అనలేదు.

"రోస్కో మెబేన్. ప్రాస్పెక్ట్ హిల్. నన్ను కొడుతున్నది ఎడమ మోకాలు."

"డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకు," అన్నాను.

"వెళ్తానా? బయట బండిలో క్విన్సీ ఉన్నాడు. కునుకుతున్నాడు."